రెండు ఈలలకు ఒక ఈల

జూన్ 1, ఆదివారం

చేతిరాత బాగుండదు. తప్పులు కూడా ఉంటాయి. ఈ పుస్తకం నా కోసమే రాసుకుంటున్నాను. అయినా పొరపాటున ఎవరి చేతిలోనైనా పడితే వాళ్ళు మన్నించాలి. ఊరి బడిలో అయిదో తరగతి దాకా చదివాను. అదీ కుడిచేత్తో. ఇప్పుడు రాస్తున్నది ఎడమచెయ్యి. అది బడికే వెళ్ళలేదు.

పాస్టరుగారు ఈ నోటుపుస్తకం ఇచ్చారు. వచ్చే నెల మొదటి ఆదివారం, రొట్టె విరిచే ఆరాధనలో నేను లేచి నా అనుభవం సాక్ష్యంగా చెప్పాలట. క్షమించడం గురించి. “తాతగారూ, మన సంఘంలో క్షమించడం అనగానే మీరే గుర్తొస్తారు” అన్నారు. నేను తల వంచుకున్నాను. నాకు నోరు రాదండీ అన్నాను. “అయితే రాసుకుని చదవండి” అన్నారు.

పక్కనే ఉన్న మా ఆవిడ, “పెళ్ళిలో కూడా అయ్యగారు మూడుసార్లు అడిగితేగాని ఈయన ‘ఆ’ అనలేదండీ. ఇష్టం లేదేమో అనుకుని మా నాన్న లేచి నిలబడ్డాడు” అంది. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

రాయడం మొదలుపెట్టాను కనక స్తోత్రంతో మొదలుపెడతాను. ఎడమచేతికి స్తోత్రం. కుడిచేతిలో మిగిలిన బొటనవేలికి, చిటికెనవేలికి స్తోత్రం. వాటితో టీ గ్లాసు పట్టుకోగలను. చొక్కా గుండీలు మాత్రం పెట్టుకోలేను. గుండీలు పెట్టే మా ఆవిడ కోసం స్తోత్రం.

జూన్ 2, సోమవారం

కూర్చున్నాను. ఏమీ రాలేదు. చెయ్యి నొప్పి.

జూన్ 4, బుధవారం

సాక్ష్యం మొదలుపెట్టాను.

“పంతొమ్మిదేళ్ళ కిందట సామిల్లులో నా బావమరిది ఈల వెయ్యకుండా మోటారు వేశాడు. నా మూడు వేళ్ళు పోయాయి. నేను అతన్ని తిట్టలేదు. అతని మీద కేసు పెట్టలేదు. ప్రభువు కృప వల్ల క్షమించాను.”

ఇంతే వచ్చింది. పాస్టరుగారు అయిదు నిమిషాలు చెప్పమన్నారు. ఇది ఎంత నెమ్మదిగా చదివినా అరనిమిషం.

మా ఆవిడకి చూపించాను. కళ్ళజోడు పెట్టుకుని చదివింది. తను ఏడో తరగతి, నాకంటే ఎక్కువ. “అక్షరాలు కుదురుతున్నాయండీ. ‘క్ష’ అయితే భలే వచ్చింది” అంది. రాసిన సంగతి గురించి ఏమీ అనలేదు. ఆ బావమరిది తన తమ్ముడు.

జూన్ 7, శనివారం

ప్రతి శనివారం మా ఆవిడ నా ఎడమచేతి గోళ్ళు తీస్తుంది. కుడిచేత్తో నేను గోళ్ళకత్తెర నొక్కలేను. ఇవాళ తీస్తూ, “ఈల అంటే సంఘంలో వాళ్ళకేం తెలుస్తుందండీ? పక్కింటి వాళ్ళమ్మాయికి వేశాడనుకుంటారు. మిల్లులో పద్ధతి ఏమిటో రాయండి” అంది.

నిజమే. రాస్తాను.

మిల్లులో రంపం తిరుగుతుంటే పక్కమనిషి అరిచినా వినపడదు. రంపం ఒక చోట, మోటారు బోర్డు ఇంకో చోట. మధ్యలో దుంగల గుట్ట. బోర్డు దగ్గరవాడికి రంపం దగ్గరవాడు కనిపించడు. అందుకని ఈలలు. మోటారు వేసేముందు బోర్డు దగ్గరవాడు రెండు ఈలలు వేస్తాడు. రంపం దగ్గరవాడు చేతులు తీసేసి, వెనక్కి జరిగి, ఒక ఈల వేస్తాడు. ఆ ఒక్క ఈల వినపడితేనే మోటారు వెయ్యాలి. వినపడకపోతే మధ్యాహ్నం దాకా అయినా ఆగాలి. మా ముందువాళ్ళు పెట్టిన పద్ధతి. ఎక్కడా రాసి లేదు.

నేను రంపం దగ్గర ఇరవై ఆరేళ్ళు చేశాను. చివరి ఎనిమిదేళ్ళు బోర్డు దగ్గర మా బావమరిది. పనిలో పెట్టించింది నేనే. వాడి ఈల ఎంత సన్నగా, ఎంత తిన్నగా వచ్చేదంటే, మిల్లులో వాణ్ణి పేరుతో ఎవరూ పిలిచేవారు కాదు. “ఈలగాడు” అనేవారు. ఓనరు కూడా.

ఆ రోజు రంపానికీ చక్రానికీ మధ్య బెరడు ముక్క ఇరుక్కుంది. చెయ్యి పెట్టి లాగుతున్నాను. మోటారు తిరిగింది. వాడు ఈల వెయ్యలేదు.

జూన్ 8, ఆదివారం

చర్చిలో పాస్టరుగారు చెప్పిన వాక్యం బాగుంది. ప్రభువు నేర్పిన ప్రార్థన అందరం కలిసి చెప్పాం. మాకు కీడు చేసినవాళ్ళని మేము క్షమించినట్టే మమ్మల్నీ క్షమించమనే చోట నాకు దగ్గొచ్చింది. ఆ చోటే వస్తుంది. “మీ దగ్గుకి ప్రార్థన అంతా కంఠతా వచ్చండీ” అంది మా ఆవిడ ఇంటికొస్తూ. వెక్కిరింతకే అంది.

ఎండ లేదు, చల్లగా నడిచాం. స్తోత్రం.

జూన్ 10, మంగళవారం

మా బావమరిది కూతురు ఫోను చేసింది. నాకు ఫోనులో సరిగా వినపడదు, మిల్లు నా చెవులు తినేసింది. మా ఆవిడే మాట్లాడింది. వాడు మెట్ల మీంచి పడ్డాడట. తుంటి ఎముక విరిగింది. ఆపరేషన్ అయింది. కూతురు పగలంతా పనికి వెళ్తుంది, వాడు ఒక్కడే మంచం మీద.

మా ఆవిడ ఫోను పెట్టేసి చాలాసేపు బట్టలు మడత పెట్టింది. మడత పెట్టినవే మళ్ళీ విప్పి మడత పెట్టింది.

“నేను చూసొస్తాను” అంది.

నేను మాత్రల డబ్బా తెరిచి చూసుకున్నాను.

“పంతొమ్మిదేళ్ళలో ఎప్పుడైనా అడిగానా మిమ్మల్ని? వాడి భార్య పోయినప్పుడు కూడా పూడ్చే వేళకి వెళ్ళి నిలబడి, వాడితో ఒక్క ముక్క మాట్లాడకుండా వచ్చేశాను. మీ చెయ్యి తలుచుకుంటూ వచ్చేశాను. ఇప్పుడు అడుగుతున్నాను. మీరు వస్తే రండి, లేకపోతే నేనే వెళ్తాను.”

“ఆలోచిస్తాను” అన్నాను.

“ఆలోచించండి. మీ ఆలోచన పూర్తయ్యేలోగా వాడు లేచి పరిగెత్తుతాడు.”

జూన్ 11, బుధవారం

వాడే ఒప్పుకున్నాడు. వేళ్ళు పోయినప్పుడు నేను ఆసుపత్రి మంచం మీద ఉన్నాను. ఓనరు వచ్చి, “వాడు ఈల వేశాడా?” అని అడిగాడు. మా ఆవిడ పక్కనే ఉంది. వాడు నా కాళ్ళ దగ్గర నిలబడి ఉన్నాడు. నేను “లేదు” అన్నాను. వాడు నా కేసి చూశాడు. తరవాత, “మర్చిపోయాను సార్” అన్నాడు. అందరూ విన్నారు. ఓనరు ఆ రోజే వాణ్ణి పంపేశాడు. నన్ను మాత్రం ఉంచాడు. కోసిన పలకలు ఆరబెట్టే షెడ్డులో, పలకలు తిరగేసే పని. దానికి రెండు వేళ్ళు చాలు.

వాడే ఒప్పుకున్న తరవాత ఇంక నా మాట ఎందుకు.

జూన్ 12, గురువారం

ఆ రోజు బెరడు ముక్క లాగుతున్నాను. రంపం చప్పుడు లేదు, ఆగి ఉంది కదా. అవతల దుంగలు దించుతున్నారు, ఆ చప్పుడు ఉంది. వాడు ఈల వేసి ఉండొచ్చు. నాకు వినపడకపోయి ఉండొచ్చు. అప్పటికే నా చెవులు సగం పోయాయి.

అలా అయితే ఎవరి తప్పూ కాదు.

జూన్ 14, శనివారం

వెళ్దాం అన్నాను మా ఆవిడతో. గోళ్ళు తీయడం ఆపి నా మొహంలోకి చూసింది. “నిజంగానా?” అంది. నిజంగానే అన్నాను. మిగిలిన గోళ్ళు ఎంత మెత్తగా తీసిందో.

వాడి ఎదురుగా నిలబడి, నిన్ను క్షమించానని చెబుతాను. ఆ సంగతి కూడా కలిపితే సాక్ష్యం అయిదు నిమిషాలు వస్తుంది.

జూన్ 17, మంగళవారం

వెళ్ళొచ్చాం. అంతా రాయాలి.

బస్సులో రెండు గంటలు. మా ఆవిడ ఒళ్ళో సంచి. సంచిలో ఉడికించిన గుడ్లు, రొట్టె, మెత్తటి దిండు ఒకటి. నేను లోలోపల ఒక మాట వల్లె వేసుకుంటూ కూర్చున్నాను. ఒరేయ్, నేను నిన్ను క్షమించాను. దిగేసరికి వందసార్లు అనుకుని ఉంటాను.

వాడు ఒక గోడౌనుకి కాపలా. గోడౌను వెనక గది. ఇనుప మంచం కాళ్ళ కింద ఇటుకలు పెట్టి ఎత్తు చేశారు. గోడకి ఆనించి వాకరు. వాడి మీసం మొత్తం తెల్లబడిపోయింది.

“ఎవరది? అక్కా?” అని లేవబోయాడు.

“పడుకోరా. లేచావంటే ఆ రెండో తుంటి కూడా విరుగుతుంది” అంది మా ఆవిడ.

“వచ్చావా అక్కా! ఓహో, బావ కూడానా? ఏం బావా, బస్సు దారి తప్పిందా?”

నేను నవ్వాననుకుంటా.

“బావేం మారలేదక్కా. అప్పుడు ఏం మాట్లాడేవాడో ఇప్పుడూ అదే మాట్లాడుతున్నాడు.”

“ఏం మాట్లాడాడురా?”

“ఏమీ మాట్లాడలేదుగా, అదే చెబుతున్నా.”

మా ఆవిడ నవ్వింది. నవ్వుతూ నవ్వుతూ చేత్తో నోరు మూసుకుని ఏడ్చింది. వాడి తల నిమిరింది. “జుట్టేదిరా?” అంది. “నీ కోసం ఎదురుచూసి చూసి వెళ్ళిపోయింది” అన్నాడు వాడు.

ఆలస్యం చేస్తే నోరు పడిపోతుందని భయం వేసింది. నిలబడే చెప్పేశాను. “ఒరేయ్, నేను నిన్ను క్షమించాను.”

వాడు నా మొహంలోకి చాలాసేపు చూశాడు. తరవాత వాళ్ళక్క మొహంలోకి చూశాడు. “సరే బావా. సంతోషం” అన్నాడు.

మా ఆవిడ నా వీపు మీద చెయ్యి వేసింది. “ఎంత మంచి మాట అన్నారండీ” అంది. జగ్గు తీసుకుని నీళ్ళకని బయటి కుళాయి దగ్గరికి వెళ్ళింది. మొహం కడుక్కోవడానికే వెళ్ళిందని నాకు తెలుసు.

“బావా, ఇలా దగ్గరికి రా. మంచం మీద కూర్చో. నీ చెవులా అంతంత మాత్రం, ఇదా అరిచి చెప్పే మాట కాదు” అన్నాడు వాడు.

కూర్చున్నాను.

“నేను రెండు వేశాను.”

నేను కింద చూస్తున్నాను.

“నువ్వు ఒకటి వేశావు. వినపడుతోందా, మళ్ళీ చెప్పనా?”

“వినపడింది” అన్నాను.

“ఇప్పుడా, అప్పుడా?”

“రెండూ.”

వాడు పెద్దగా ఊపిరి వదిలాడు. “హమ్మయ్య. నాకే పిచ్చి పట్టిందేమో అనుకున్న రోజులున్నాయి బావా. వేశానా లేదా అని నన్ను నేనే అడిగేవాణ్ణి.”

“మరి మర్చిపోయానని ఎందుకన్నావురా?”

“ఏమనమంటావు? మంచం మీద పడి ఉన్నావు. లేదన్నావు. నేను వేశానంటే, నీ చేతులారా నువ్వే తెచ్చుకున్నావని ఓనరు నిన్ను ఆ రోజే పంపేసేవాడు. నాకు పది వేళ్ళున్నాయి, ఎక్కడికి పోయినా పని దొరుకుతుంది. నిన్నెవడు పెట్టుకుంటాడు? అక్క ఏమవుతుంది?”

“నా మీద కోపం రాలేదా?” అన్నాను.

“రాలేదా? బాగుంది వరస! రెండేళ్ళు నిన్ను తిట్టని పూట లేదు. పళ్ళు తోముకుంటూ తిట్టేవాణ్ణి, నురగ కారిపోయేది. ఒకరోజు ప్రార్థనకి మోకరిస్తే, ప్రభువా అనబోయి ‘బావా’ అన్నాను. నవ్వొచ్చింది. ఆయన్ని తలుచుకునే దానికంటే నిన్ను తలుచుకునేదే ఎక్కువైపోయిందని అప్పుడు తెలిసింది. వదిలేశాను. ఒక్కసారికే పోయిందనుకోకు. మళ్ళీ వచ్చేది, మళ్ళీ వదిలేవాణ్ణి. మొన్న మెట్ల మీద పడ్డప్పుడు కూడా ఓసారి వచ్చి చూసి వెళ్ళింది.”

అవతల కుళాయి కట్టేసిన చప్పుడు. వాడు నా మోకాలి మీద తట్టాడు. “అక్కకి మాత్రం చెప్పకు బావా. ఈ వయసులో మీరిద్దరూ పోట్లాడుకుంటే, వచ్చి సర్దుదామంటే నేను నడవలేను.”

మా ఆవిడ వచ్చింది. గుడ్డు ఒలిచి తమ్ముడికి ఒకటి, నాకొకటి ఇచ్చింది. తిన్నాను.

తిరుగు బస్సులో నా భుజం మీద తల పెట్టుకుని నిద్రపోయింది.

జూన్ 18, బుధవారం

చెప్పకు అన్నాడు. వాడే అన్నాడు.

జూన్ 19, గురువారం

ఇక్కడైనా రాయాలి.

రెండు ఈలలు వినపడ్డాయి. స్పష్టంగా వినపడ్డాయి. నా చెయ్యి లోపల ఉంది. నా నోరు ఈల వేసింది. నేను వెయ్యాలనుకోలేదు. ఇరవై ఆరేళ్ళుగా రెండు వినపడితే ఒకటి వెయ్యడం నోటికి అలవాటైపోయింది. బడిలో పేరు పిలవగానే ఎటు చూస్తున్నా ‘వచ్చాను సార్’ అంటాం, అలాగ. ఈల వేశాక, చెయ్యి లోపల ఉందని గుర్తొచ్చింది. అప్పటికే మోటారు తిరిగింది.

అది తప్పే కాని పాపం కాదు. అంతవరకు నన్ను ఎవరూ ఏమీ అనరు. పాపం ఆసుపత్రిలో చేశాను. నేను మాటలు తక్కువ మనిషినని అందరూ అంటారు. ఆ రోజు కూడా ఒక్క మాటే అన్నాను.

తరవాత ఆ మాట మీదే పంతొమ్మిదేళ్ళు ఉన్నాను. వాడు వెయ్యలేదని, వేసినా వినపడలేదని, వాడే ఒప్పుకున్నాడని. చివరికి వాడి మంచం పక్కన నిలబడి వాణ్ణే క్షమించాను. వాడు దానికి కూడా సంతోషం అన్నాడు.

ఈ పేజీ రాసేసరికి మధ్యాహ్నం అయింది. చాలా ఏళ్ళుగా మూసి ఉన్న ముక్కు తెరుచుకున్నట్టు ఊపిరి ఆడుతోంది. స్తోత్రం. ఈ స్తోత్రం అలవాటుగా రాసింది కాదు.

జూన్ 20, శుక్రవారం

వాడు క్షమించాడు. చెప్పకు అని కూడా అన్నాడు. ఇంక చెప్పకపోతే నష్టం ఎవరికి? ఇవాళంతా ఈ లెక్కే వేశాను. ఎటు వేసినా మా ఆవిడకే నష్టం. తమ్ముడు నా వేళ్ళు తీశాడని అనుకుంటూనే వాణ్ణి దగ్గరికి తీస్తోంది. ఆ బరువు తనది కాదు. నేను పెట్టింది.

చెబితే నా గుండీలు ఎవరు పెడతారు? ఇదీ అనుకున్నాను. దాచకుండా రాస్తున్నాను.

జూన్ 21, శనివారం

గోళ్ళు తీస్తుండగా చెప్పాను. బొటనవేలు, చూపుడువేలు అయ్యాయి. మూడోది పట్టుకుంది.

“ఇదిగో” అన్నాను. తనని అలాగే పిలుస్తాను.

“కదలకండి, తెగుతుంది.”

“వాడు ఈల వేశాడు.”

“ఎవరు?”

“మీ తమ్ముడు. ఆ రోజు. రెండు వేశాడు. నేను బదులు కూడా వేశాను. చెయ్యి లోపలే ఉంది, అలవాటుగా వేశాను. ఓనరు అడిగితే లేదన్నాను. నన్ను పనిలోంచి తీసేస్తారని వాడు ఒప్పుకున్నాడు. తప్పు నాది. మొత్తం నాది.”

ఇన్ని మాటలు ఒక్కసారి నేనెప్పుడూ మాట్లాడలేదు.

మా ఆవిడ నా వేలు పట్టుకునే ఉంది. తరవాత గోళ్ళకత్తెర బల్ల మీద పెట్టి లేచి వెళ్ళిపోయింది.

జూన్ 22, ఆదివారం

చర్చిలో వేరే వరసలో కూర్చుంది. ఇంట్లో బయల్దేరేముందు నా గుండీలు మాత్రం పెట్టింది. నా మొహం చూడకుండా, కింది నుంచి పైకి.

జూన్ 23, సోమవారం

అన్నం పెట్టింది. మాట్లాడలేదు.

జూన్ 24, మంగళవారం

మాట్లాడింది.

వంటింట్లో గిన్నెలు తోముతూ, నా వైపు తిరగకుండానే, “వాడి భార్యని పూడ్చిన రోజున వాడు నా దగ్గరికి రాబోయాడు. రెండు అడుగులు వేశాడు. నేను మొహం తిప్పుకున్నాను” అంది.

నేను గుమ్మంలో నిలబడ్డాను.

“భార్య పోయినవాడండీ. నా ఒళ్ళో పెరిగినవాడు. నేను మొహం తిప్పుకున్నాను. మీ కోసం.”

“తప్పయిపోయింది” అన్నాను.

“తప్పయిపోయిందంటే సరిపోతుందా?”

“సరిపోదు.”

“మరేం చేస్తారు?”

“తెలీదు.”

గిన్నె గట్టిగా పెట్టింది. “క్షమించానని చెప్పారే వాడితో! పైగా నేను మీ వీపు తట్టాను! మంచి మాట అన్నారని!” అంది. అంటుంటే తనకే నవ్వొచ్చింది, నవ్వు వచ్చినందుకు ఇంకా కోపం వచ్చింది. గిన్నెలు అక్కడే వదిలేసి లోపలికి వెళ్ళింది. మిగిలినవి నేను తోమాను. ఒకటి పగిలింది.

జూన్ 25, బుధవారం

వెళ్ళింది. తమ్ముడు నడిచేదాకా అక్కడే ఉంటానంది. బస్సు దాకా సంచి మోశాను.

“మీ మీద కోపంతో వెళ్తున్నాననుకుంటారేమో” అంది.

నేను సంచి అందించాను.

“కోపంతోనే వెళ్తున్నాను” అంది. బస్సెక్కింది. కిటికీలోంచి తల బయటపెట్టి, “మాత్రలు మర్చిపోకండి. పొద్దున తెల్లది, మధ్యాహ్నం గులాబీది” అని అరిచింది. బస్సులో అందరూ నన్నే చూశారు.

స్తోత్రం. మాత్రల కోసం కాదు.

జూన్ 29, ఆదివారం

గుండీల్లేని బనీను వేసుకుని చర్చికి వెళ్ళాను. సాయంత్రం పాస్టరుగారు ఇంటికి వచ్చారు. టీ పెట్టాను. పంచదార వెయ్యడం మర్చిపోయాను, ఆయన ఏమీ అనకుండా తాగారు.

సాక్ష్యం నేను చెప్పలేనన్నాను. ఎందుకన్నారు. ఈ పుస్తకం ఇచ్చాను. పంతొమ్మిదో తారీకు పేజీ ఒక్కటే చదవండన్నాను. చదివారు. ఖాళీ టీ కప్పు కేసి చూస్తూ కూర్చున్నారు.

“తాతగారూ, నాకేం చెప్పాలో తెలియడం లేదు. మీకు తెలియదుగాని, నేనూ అన్నీ కాగితం మీద రాసుకునే చెబుతాను. దీనికి నా దగ్గర కాగితం లేదు” అన్నారు.

“అయితే వద్దాండీ?”

“వద్దని ఎలా అంటాను? క్షమించడం గురించి చెప్పమన్నాను. ఎవరు ఎవరిని క్షమించారో నేనే తారుమారు చేసుకున్నాను. మీకు ధైర్యం ఉంటే చెప్పండి. లేకపోతే నేను వేరేవాళ్ళని అడుగుతాను, మీ గురించి ఒక్క మాట అనను.”

వెళ్ళేటప్పుడు మోకరించి ప్రార్థన చేశారు. నా మోకాళ్ళు వంగవని కుర్చీలోనే కూర్చోమన్నారు.

జూలై 3, గురువారం

ఆవిడ లేని ఇంట్లో గడియారం ఎంత గట్టిగా కొట్టుకుంటుందో. నాకే వినపడుతోంది.

జూలై 6, ఆదివారం

చెప్పాను.

కాగితం తీసుకెళ్ళాను కాని కళ్ళజోడు ఇంట్లో మర్చిపోయాను. కాగితం మడిచి జేబులో పెట్టుకుని, గుర్తున్నంత చెప్పాను.

“నా బావమరిదిని నేను క్షమించానని మీరంతా అనుకుంటున్నారు. నేనూ అలాగే చెప్పుకున్నాను. క్షమించడానికి అతను ఏ తప్పూ చెయ్యలేదు. పద్ధతి ప్రకారం రెండు ఈలలు వేశాడు. నేను చెయ్యి తియ్యకుండా బదులు వేశాను. తరవాత అతను వెయ్యలేదని అబద్ధం చెప్పాను. నా పని పోకూడదని అతను ఆ నింద మోశాడు. నేను అడక్కుండానే నన్ను క్షమించాడు. ప్రభువు అలా చేస్తాడని చాలాసార్లు విన్నాను. మనిషి చేస్తే చూడటం ఇదే మొదలు. ఇంతే.”

వెనక వరసలో మిల్లు మేస్త్రి ఉన్నాడు. నాకంటే రెండేళ్ళు పెద్ద, నాకంటే ఎక్కువ చెవుడు. “ఏమన్నాడు? ఈలగాడు వేశాడా?” అని పక్కవాళ్ళని గట్టిగా అడిగాడు. వాళ్ళు చెవిలో చెప్పారు. “అయ్యో! వాడు మిల్లు వదిలి పోయేరోజు నేను చెయ్యి కూడా కలపలేదే!” అన్నాడు, చర్చంతా వినపడేలాగ. వాడికి దూరమైంది మేమిద్దరమే అనుకున్నాను. నా ఒక్క మాట ఎంతమంది చేతుల్ని వాడి నుంచి లాగేసిందో.

మా సంఘంలో రొట్టె పళ్ళెం చేతి నుంచి చేతికి వస్తుంది. పక్కవాళ్ళు పట్టుకుంటే మనం తుంచుకోవాలి. మేస్త్రి లేచి వచ్చి నా పక్కన కూర్చున్నాడు. పళ్ళెం అతని చేతికి వచ్చింది, నా ముందు పట్టాడు. నా చెయ్యి లేవలేదు. ఇవాళ తీసుకునే అర్హత నాకుందా అని.

“తొందరగా తీసుకో, నా జబ్బ లాగుతోంది” అన్నాడు మేస్త్రి.

తీసుకున్నాను. ఎన్నో ఏళ్ళుగా తింటున్న రొట్టే. మింగడానికి చాలాసేపు పట్టింది.

ఇంటికొచ్చి కూర్చుని ఏడ్చాను. బాధతో కాదు. నాకు దక్కకూడనివి ఎన్ని దక్కాయో తలుచుకుని. పని దక్కింది. ఇల్లు దక్కింది. పంతొమ్మిదేళ్ళు భార్య పక్కన ఉంది. ఇవన్నీ ఒకడు నోరు మూసుకుని నాకిచ్చినవి. ప్రభువా, నీ చెయ్యి నాకు వాడి చేతిలా కనిపించింది.

జూలై 8, మంగళవారం

మా ఆవిడకి ఉత్తరం రాశాను. పెళ్ళయిన నలభై నాలుగేళ్ళలో మొదటి ఉత్తరం. ఎప్పుడూ విడిగా లేము కదా. పోస్టులో వేసేముందు ఇందులోకి ఎక్కించుకుంటున్నాను.

“ఇదిగో,

నేను బాగానే ఉన్నాను. మాత్రలు వేసుకుంటున్నాను, పొద్దున తెల్లది, మధ్యాహ్నం గులాబీది. ఆదివారం చర్చిలో అంతా చెప్పాను. ఎవరూ నన్ను గెంటలేదు. మేస్త్రి వచ్చే వారం మీ తమ్ముణ్ణి చూడ్డానికి వస్తానన్నాడు. గట్టిగా మాట్లాడతాడు, గోడౌను ఓనరుకి ముందే చెప్పి ఉంచు.

మీ తమ్ముడికి ఈ ఉత్తరం చదివి వినిపించు. ఒరేయ్, క్షమించానన్న ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను. దాని బదులు, నన్ను క్షమించమని అడుగుతున్నాను. ఎప్పుడో క్షమించావని తెలుసు. అయినా అడగాల్సింది నేను అడగాలి కదా. అడగకుండానే తీసుకుని ఇన్నేళ్ళు తిన్నాను. నీకు స్తోత్రం అనకూడదు, అది ప్రభువుకే. కాబట్టి నీ గురించి ప్రభువుకి స్తోత్రం.

ఇప్పుడు నీకు. నువ్వు క్షమించావా అని నేను అడగడం లేదు. నీకు ఎప్పుడు వస్తే అప్పుడు. రాకపోతే కూడా నేను ఏమీ అనను. నువ్వు వాడి పక్కన కూర్చున్నావని తలుచుకుంటే నాకు చాలా సంతోషంగా ఉంది. నువ్వు ఇక్కడ లేకపోవడం బాగాలేదు. రెండూ నిజమే.

తొందరపడి రావద్దు. వాడు సరిగా నడిచాకే రా. కాని ఉత్తరం మాత్రం రాయి. ఫోనులో నాకు వినపడదు, నువ్వు అరవాలి, అందరూ వింటారు. రాస్తే నేను ఒక్కణ్ణే చదువుకుంటాను. తిట్టాలనిపిస్తే తిట్టు. నాలుగు పేజీలు తిట్టు, నాకు తీరికే. నువ్వు పంతొమ్మిదేళ్ళు మింగినవన్నీ రాయి. ఒక్కటీ వదలకు.

తొందరగా రాయి. పోస్టుమాను పదకొండింటికి వస్తాడు. పదింటి నుంచి గుమ్మంలో ఉంటాను.”